తెలుపు తటస్థమా? జహీరాబాదు–బీదరు సీమలో ఇంటి గోడల వర్ణచరిత్ర

వ్యాససంగ్రహం

గృహాలంకరణలో తెలుపు, దంతపు వన్నె, బూడిద వన్నె మొదలైనవాటిని 'తటస్థ వర్ణాలు'గా వ్యవహరించడం నేడు పరిపాటి. జహీరాబాదు–బీదరు సీమలోని ఇంటి గోడల చరిత్రను ఆధారం చేసుకొని ఈ వ్యాసం ఆ వ్యవహారాన్ని ప్రశ్నిస్తుంది. ఈ సీమలో తెలుపు ఏనాడూ తటస్థంగా లేదనీ, రంగులు విరివిగా దొరకడం మొదలైన కాలంలోనే గోడలు వెలవెలబోయాయనీ, ఈ వైరుధ్యానికి మూలం రసాయనంలో కాక సామాజిక అభిరుచిలో ఉందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సుధ, వెల్ల, జాజు, సున్నం, బీదరు, గృహాలంకరణ, వర్ణాభిరుచి

ప్రవేశిక

ఇంటికి రంగులు వేయించుకొనేవారికి చాలాకాలంగా వినిపిస్తున్న సలహా ఒకటే: గోడలను లేతగా, ఎటూ మొగ్గని వన్నెలో ఉంచండి, రంగు కావాలంటే పరదాల మీదికో దిండ్ల మీదికో తెచ్చుకోండి. ఇటీవల ఆ సలహా మారుతున్నది. తటస్థ వర్ణాల కాలం చెల్లిందనీ, మట్టి ఎరుపు, ఆవపసుపు, నెమలికంఠపు నీలం గోడలకెక్కాలనీ అలంకరణ నిపుణులు చెబుతున్నారు. దీనిని పశ్చిమ దేశాల నుంచి వచ్చిన కొత్త పోకడగా పరిచయం చేయడం కూడా కనిపిస్తుంది. జహీరాబాదులో నిలబడి చూసేవారికి మాత్రం ఈ 'కొత్త' రంగులలో మొదటిది కాళ్ళకింద ఉన్న నేల రంగే.

ఈ పరిశీలనకు జహీరాబాదును ఎన్నుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది భౌగోళికం. జహీరాబాదు నుంచి బీదరు వరకు విస్తరించిన పీఠభూమి మీద నల్లరాతి పొరలపై ఎర్రని లాటరైటు కప్పు ఉంది. పక్కపక్కనే నల్లరేగడి, ఎర్రనేల కనిపించే ప్రాంతమిది. లాటరైటు అన్న పేరును 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ మలబారులో చూసిన రాతిని వర్ణిస్తూ వాడాడు. లాటిన్‌లో 'లేటర్' అంటే ఇటుక. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలిన కొద్దీ గట్టిపడే ఈ రాయిలో ఇనుము ఆక్సైడు పుష్కలం. ఆ ఇనుమే దాని ఎరుపు. రెండవ కారణం చారిత్రకం. నేటి సంగారెడ్డి జిల్లాలో ఉన్న జహీరాబాదు 2016 వరకు మెదక్ జిల్లాలోనూ, అంతకుముందు 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు బీదరు జిల్లాలోనూ ఉండేది. కనుక ఈ ఊరి గోడను అర్థం చేసుకోవాలంటే నేటి రాష్ట్ర సరిహద్దును కాసేపు పక్కన పెట్టి బీదరు కోట వైపు, ఆ వెనుక కల్యాణం వైపు చూడక తప్పదు.

సుధ, సౌధం, వెల్ల

తెలుపు నుంచే మొదలుపెడదాం. సంస్కృతంలో 'సుధ' అంటే అమృతం మాత్రమే కాదు, సున్నం కూడా. సుధ పూసిన కట్టడం సౌధం. రాజమందిరానికి 'ధవళగృహం' అని పేరు. కావ్యాలలో సౌధాలను చదివి చదివి మనం ఆ పదంలోని సున్నాన్ని మరిచిపోయాం. మట్టిగోడల ఊరిలో తెల్లని గోడ సంపదకు ప్రకటన. సున్నపురాయి తేవాలి, బట్టీలో కాల్చాలి, గానుగలో నూరాలి. ఇది అందరికీ అందే పని కాదు. అప్పటి తెలుపును 'ఏమీ చెప్పని రంగు' అనడానికి వీలులేదు. అది గట్టిగా చెప్పే రంగు.

తెలుగులో 'వెల్ల' అంటే తెలుపు. ఇంటికి పూత వేయడం 'వెల్లవేయడం'. తెలంగాణలో 'సున్నాలు వేయడం' ఎక్కువ వాడుక. గోడకు మట్టి, సున్నం మెత్తే పనిని ఇక్కడ 'గిలాబు' అంటారు. పారసీకంలో 'గిల్' మట్టి, 'ఆబ్' నీరు. దక్కనీ ఉర్దూలో వెల్లవేయడం 'ఆహక్‌పాషీ'. తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసిపారే ఈ సీమలో ఒకే గోడకు మూడు నాలుగు భాషల పేర్లున్నాయి. దసరా, దీపావళికి ముందు కొందరి ఇళ్ళలో, రంజానుకు ముందు మరికొందరి ఇళ్ళలో అదే సున్నపు కుండ, అదే కుంచె. పండుగ మారినా పని మారలేదు.

సున్నపు తెలుపు ఒంటరిగా ఉండేది కూడా కాదు. దానికి జోడు జాజు.

జాజు

జాజు, జేగురు, కావి, గైరికం: ఈ మాటలన్నీ ఇనుము ఆక్సైడు కలిసిన ఎర్రమట్టి చుట్టూ తిరుగుతాయి. గుడి ప్రాకారాల మీద తెలుపు, ఎరుపు నిలువుపట్టెలు దక్షిణాదిలో అంతటా కనిపిస్తాయి. ఇళ్ళ విషయానికి వస్తే గోడ పైభాగం సున్నం, నేలనుంచి మోకాలెత్తు వరకు జాజుపట్టె. అరుగుల అంచులకూ, కొన్నిచోట్ల ధాన్యపు గుమ్ములకూ జాజు పూయడం ఉంది. పట్టె కిందనే ఎందుకుంటుందో ఊహించడం కష్టం కాదు. వానాకాలంలో చూరునీళ్ళు నేలను కొట్టి చిందించే బురద గోడకు అంతమేరకే పడుతుంది. ఎర్రనేల ఊళ్ళో ఆ మరకను తెల్లగోడ దాచలేదు, ఎర్రపట్టె దాచగలదు. అలంకారం, అవసరం ఇక్కడ విడదీయరానివి. కింది పట్టె నేలకు కొనసాగింపు, పై తెలుపు వెలుగుకు చోటు. కిటికీలు తక్కువగా ఉండే పాత ఇళ్ళలో దర్వాజలోంచి వచ్చే వెలుతురును ఇంటిలోపలికి చేర్చేది ఆ తెలుపే.

ఈ వ్యవస్థలో రంగు అంటే వస్తువు కాదు, ఒక పని. ఆ పని చేసినవారు ఎక్కువగా స్త్రీలు. నేల అలకడం, గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం, వాకిట ముగ్గు వేయడం, గోడకు జాజు పూయడం ఒకే వరుసలోని పనులు. 'ఇంటిని చూసి ఇల్లాలిని చూడు' అన్న సామెతలో ప్రశంస ఎంత ఉందో పరీక్ష అంతే ఉంది. మట్టి ఇంటి అందాన్ని ఇప్పుడు ఛాయాచిత్రాలలో చూసి మురిసిపోయేవారు ఏటేటా జాజు పూసిన చేతులను గుర్తుంచుకోవాలి. సున్నం వేళ్ళను ఎలా తినేస్తుందో వేసినవారికే తెలుసు. సిమెంటు గోడ, డబ్బా రంగు వచ్చినప్పుడు ఆ చేతులు వాటిని సంతోషంగా ఆహ్వానించి ఉంటే అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. జాజు కనుమరుగైన తీరును కేవలం సంస్కృతి నష్టంగా రాసే వ్యాసాలతో నాకు పేచీ ఉన్నది ఇక్కడే.

సున్నం ఒప్పుకున్న రంగులు

పాత ఊళ్ళ గోడలమీద కొన్ని రంగులే ఎందుకు కనిపిస్తాయి? ఎరుపు, లేత పసుపు, నీలం తరచు. గులాబీ, ఊదా, చిలకపచ్చ అరుదు. దీనికి సౌందర్యశాస్త్రంలో కన్నా సున్నపు కుండలో సమాధానం దొరుకుతుంది. తడిసున్నం తీవ్రమైన క్షారం. గోడకు పూసిన తరువాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. ఈ క్రమంలో తట్టుకొని నిలవగలిగిన రంగే గోడకు దక్కుతుంది. ఇనుము కలిసిన మట్టిరంగులు, అంటే జాజు ఎరుపు, పసుపుమట్టి, క్షారానికి చెదరవు. ఆకుల, పూల రంగులు చాలావరకు వెలిసిపోతాయి.

పసుపుకొమ్ము కథ ఇంకా స్పష్టం. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని దిష్టినీళ్ళు చూసిన ప్రతి పిల్లకూ తెలుసు. కనుక ఇంట్లో అన్నిటికన్నా చేరువలో ఉన్న పచ్చని వర్ణకం సున్నపు గోడకు పనికిరాలేదు. కొయ్య గడప దగ్గరే ఆగిపోయింది. గడప పసుపుకు ఆచారపరమైన అర్థాలు ఎన్నైనా ఉండవచ్చు. దానికి గోడమీద చోటు లేకపోవడం మాత్రం రసాయనపు తీర్పు.

నీలం చరిత్ర వేరు. కృత్రిమ అల్ట్రామెరైన్‌ను 1820ల చివర ఫ్రాన్సులో తయారు చేశాక అది చవకైన పొడిగా లోకమంతా పాకింది. బట్టలకు పెట్టే నీలిమందుగా మన ఇళ్ళలోకి వచ్చింది. ఇది క్షారానికి చెదరదు. సున్నంలో చిటికెడు వేస్తే పసుపుజీర తగ్గి తెలుపు మరింత తెల్లగా కనబడుతుంది; గుప్పెడు వేస్తే గోడే నీలమవుతుంది. తెలుపుకూ నీలానికీ మధ్య ఉన్నది పరిమాణ భేదమే. ఊళ్ళలో లేతనీలపు గోడలు అంత విరివిగా ఉండటానికి దీనిని ఒక ముఖ్యకారణంగా భావిస్తున్నాను.

కల్యాణం, బీదరు, హైదరాబాదు

రాజుల ఇళ్ళకు ఈ పరిమితులు ఇంతగా వర్తించవు. జహీరాబాదుకు ఉత్తరాన బీదరు, దానికి పడమట నేటి బసవకల్యాణం. పశ్చిమ చాళుక్యుల రాజధాని అయిన ఆ కల్యాణంలోనే మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో మానసోల్లాసాన్ని సంకలించాడు. దీనికే అభిలషితార్థచింతామణి అని మరో పేరు. అందులోని చిత్రప్రకరణం గోడను సిద్ధం చేయడంతో మొదలవుతుంది. మహిషచర్మాన్ని ఉడికించి తీసిన వజ్రలేపం అనే జిగురును తెల్లమట్టితో కలిపి గోడకు పూయాలి, నునుపు చేయాలి, ఆ పైన రంగులు వేయాలి. శంఖచూర్ణపు తెలుపు, గైరికపు ఎరుపు, హరితాళపు పసుపు, కాటుక నలుపు అక్కడ పేర్కొన్న ముఖ్యవర్ణకాలలోనివి. తెలుపు ఇక్కడ శుద్ధవర్ణాలలో ఒకటి, రంగు లేకపోవడం కాదు. జిగురుతో రంగు వేసే పద్ధతి కనుక సున్నానికి ఓర్వని వర్ణకాలకూ ఇందులో చోటు దొరికింది.

ఏ చిత్రం ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు విష్ణుధర్మోత్తరపురాణంలోని చిత్రసూత్రం సమాధానం చెబుతుంది: శృంగార, హాస్య, శాంతరసాల చిత్రాలు ఇళ్ళలో వేయదగినవి, మిగిలినవి రాజసభలకు, దేవాలయాలకు. ఇంటి గోడ ఉత్తగా ఉండాలన్న భావన ఆ శాస్త్రంలో లేదు. తెలుగులో క్రీడాభిరామం ఓరుగల్లులోని మాచల్దేవి చిత్రశాలా ప్రవేశాన్ని వర్ణించింది. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949) కావ్యాల నుంచి ఇలాంటి ఇంటి వివరాలను ఏరుకొని చరిత్ర రాయవచ్చునని చూపింది.

15వ శతాబ్దిలో బహమనీ సుల్తాను అహ్మద్‌షా రాజధానిని గుల్బర్గా నుంచి బీదరుకు మార్చాడు. ఆ శతాబ్దిలోనే, 1472 ప్రాంతంలో, మహమూద్ గవాన్ కట్టించిన మదరసా గోడలకు నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు మెరుగుపలకలు పొదిగారు. ఔరంగజేబు కాలంలో జరిగిన మందుగుండు పేలుడులో ముందుభాగం చాలావరకు కూలినా, నిలిచిన మినారు మీద పలకలు ఇంకా కొన్ని ఉన్నాయి. కోటలోని రంగీన్ మహల్‌కు పేరే 'రంగుల మేడ'. అలీ బరీద్‌షా (1542–1580) దానిని తీర్చిదిద్దిన తీరు చూస్తే అలంకరణలో నలుపుకు ఉన్న స్థానం అర్థమవుతుంది. నల్లని రాతిలో ముత్యపు చిప్ప పొదిగిన పని అక్కడ ప్రసిద్ధం. వెండి పొదిగి బీదరు కోట మట్టితో నల్లబరిచే బిద్రీ పాత్రలోనూ ఇదే సూత్రం: నేపథ్యం తెల్లగా కాదు, కారునలుపుగా ఉంటుంది. 'నేపథ్యవర్ణం అంటే లేతవర్ణం' అని మనం అనుకొనేది విశ్వజనీనం కాదని ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఇటు తూర్పున చెర్యాల నకాషీ పటాలకు నేపథ్యం ఎరుపు.

హైదరాబాదులో కుతుబ్‌షాహీలు 16వ శతాబ్ది చివర కట్టించిన బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో ఈ పలకల సంప్రదాయమే మరింత విస్తరించింది. 1908 మూసీ వరదలో ఆ పలకలు కొంత దెబ్బతిన్నాయి. పలకలకు మతపరమైన, రాజకీయమైన ప్రయోజనాలున్నాయి. ఊరి జాజుగోడకూ వాటికీ నేరుగా సంబంధం కలపడం తొందరపాటు. ఒక్కటి మాత్రం చెప్పవచ్చు. ఈ సీమలో కోట, గుడి, గుడిసె మూడింటిలోనూ రంగు గౌరవాన్ని తగ్గించే విషయం కాలేదు.

వేల రంగులు, ఒకే గోడ

ఆ గౌరవం ఎప్పుడు పోయింది? సాంకేతికతను మాత్రమే చూస్తే పోవలసిన కారణం కనబడదు. సుద్దపొడి, జిగురుతో తయారయ్యే డిస్టెంపరుకు సున్నపు క్షారం బెడద లేదు. దానితో గులాబీ, లేతపచ్చ గోడకెక్కాయి. ఆ తరువాత ఎనామెల్, ప్లాస్టిక్ ఎమల్షన్ వచ్చాయి. 1942లో బొంబాయిలో పుట్టిన ఏషియన్ పెయింట్స్ 1980లలో పటాన్‌చెరులో కర్మాగారం పెట్టింది; జహీరాబాదు మీదుగా పోయే జాతీయ రహదారి మీదనే ఆ ఊరు ఉంది. దుకాణంలోకి రంగులు కలిపే యంత్రం వచ్చాక షేడ్‌కార్డులోని వన్నెలు వేలకు చేరాయి. సున్నం ఒప్పుకున్న నాలుగైదు రంగులతో ఊరు కళకళలాడింది. వేల రంగులు చేతికి అందాక మధ్యతరగతి ఇల్లు ఐవరీ, క్రీమ్, ఆఫ్‌వైట్, గ్రేల దగ్గర ఆగిపోయింది. ఈ వ్యాసానికి ప్రాణమైన ప్రశ్న ఇదే.

ఒక సమాధానం యూరపులో ఉంది. 18వ శతాబ్దిలో వింకెల్‌మన్ వంటి కళాచరిత్రకారులు గ్రీకు శిల్పపు శ్వేతత్వాన్ని ఆదర్శంగా నిలిపారు. ఆ శిల్పాలకు ఒకప్పుడు ముదురు రంగులుండేవని తరువాత తేలింది. గోథే తన వర్ణసిద్ధాంతంలో (1810) అనాగరికులు, చదువులేనివారు, పిల్లలు గాఢవర్ణాలను ఇష్టపడతారనీ, సంస్కారవంతులు వాటికి దూరంగా ఉంటారనీ రాశాడు. 20వ శతాబ్ది మొదట్లో అడాల్ఫ్ లూస్ అలంకారాన్ని నేరంతో ముడిపెట్టాడు. 1925లో లె కార్బూజియే ప్రతి ఇంటి గోడా తెల్లపూత పూసుకోవాలని ప్రతిపాదించాడు. ఆయనే 1931లో గోడకాగితాల కోసం వర్ణసంపుటి తయారుచేశాడన్నదీ, చండీగఢ్ శాసనసభకు రంగురంగుల ఎనామెల్ ద్వారం చిత్రించాడన్నదీ అంతగా చెప్పుకోరు. ఈ మొత్తం ధోరణికి డేవిడ్ బ్యాచెలర్ 2000లో 'క్రోమోఫోబియా' అని పేరుపెట్టాడు. తెలుగులో 'వర్ణభీతి' అనవచ్చు. వర్ణం అన్న మాటకు మనకున్న రెండవ అర్థాన్ని ఇక్కడ విస్మరించలేం.

ఎందుకంటే రెండవ సమాధానం మన సమాజంలోనే ఉంది. ముదురు రంగు గోడను చూసి 'పల్లెటూరి రంగు', 'మొరటుగా ఉంది', 'కళ్ళలో పొడుస్తున్నది' అనడం మామూలు. ఈ మాటలు రంగును కాదు, ఆ రంగు వేసుకొన్నవారిని తూకం వేస్తాయి. కష్టపడి రెండు గదులు కట్టుకొన్న కుటుంబం ముందుగోడకు ఆకుపచ్చో గులాబీయో వేస్తే వెక్కిరించే కన్ను, అదే ఆకుపచ్చ నగరంలోని ఖరీదైన ఫ్లాటులో ఒక గోడకు వేస్తే 'యాక్సెంట్ వాల్' అని మెచ్చుకొంటుంది. పట్టణానికి వలస వచ్చిన మొదటి తరం చదువరులు తమ ఊరిని గోడలమీంచి చెరిపేసుకోవలసి వచ్చింది. అద్దె ఇల్లు, మళ్ళీ అమ్మవలసిన ఫ్లాటు ఈ ఒత్తిడిని పెంచాయి. ఎవరికీ అభ్యంతరం లేని గోడ కావాలంటే అది ఎవరిదీ కాని గోడ కావాలి.

సుధ కాలంలో తెలుపు, తెచ్చుకోగలిగిన వస్తువును చూపింది. ఐవరీ కాలంలో లేతవన్నె, వదిలించుకోగలిగిన గతాన్ని చూపుతున్నది. రెండూ అంతస్తు చిహ్నాలే.

తటస్థత అన్న మాట

'తటస్థుడు' అంటే ఒడ్డున నిలిచినవాడు. గోడ రంగు విషయంలో ఒడ్డున నిలవడం సాధ్యమా అన్నది న్యాయస్థానాల దాకా వెళ్ళిన ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామపంచాయతీ భవనాలకు అధికారపక్ష పతాక వర్ణాలు వేయడాన్ని 2020 మార్చిలో హైకోర్టు తప్పుపట్టింది. ఆ రంగులకు ఎర్రమట్టి రంగును చేర్చి ప్రభుత్వం తెచ్చిన కొత్త ఉత్తర్వును కూడా మే నెలలో కొట్టివేసింది. జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ప్రభుత్వ భవనానికి తటస్థత అవసరం, సమర్థనీయం. ఇల్లు ప్రభుత్వ భవనం కాదు. కార్యాలయానికి తగిన నిష్పాక్షికతను పడకగదికి ఆదర్శం చేయడంలోనే తికమక ఉంది.

ఈ దృష్టితో చూస్తే, తటస్థ వర్ణాలను దాటి వెళ్ళాలన్న నేటి పిలుపును పూర్తిగా కొట్టివేయలేం, పూర్తిగా నమ్మనూలేం. షేడ్‌కార్డులోని 'టెర్రకోట' జాజు వన్నెనే తిరిగి తెస్తుంది. జాజుకున్న చోటును, కాలాన్ని తేలేదు. జాజు ఏటా వెలిసి, ఏటా పండుగకు కొత్తదవుతుంది; ఎమల్షన్ వెలవకపోవడమే దాని ఘనత. సున్నం గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది. మట్టిగోడ మీద ప్లాస్టిక్ పూత తేమను లోపలే బంధిస్తుంది. పాత మట్టి ఇళ్ళను బాగుచేసుకొనేవారు రంగు ఎంచుకొనే ముందు ఈ భేదాన్ని గమనించడం మంచిది.

పరిశోధకులకు ఇక్కడ చేయవలసిన పని చాలా మిగిలి ఉంది. వృత్తిపదకోశాలలో వ్యవసాయం, చేనేత, వాస్తు పదాలు కొంతవరకు చేరాయి. వెల్లవేసే పనివారి మాటలు, జాజు పూసే స్త్రీల మాటలు చేరవలసినంతగా చేరలేదు. సున్నాన్ని ఎన్నాళ్ళు నాననివ్వాలి, తుమ్మబంక ఎంత కలపాలి, ఈతకొమ్మను నలిపి కుంచె ఎలా చేయాలి, జాజు పట్టెను ఏ ఎత్తున ఆపాలి అన్న జ్ఞానం అరవై దాటినవారి నోట మాత్రమే ఉంది. జహీరాబాదు వంటి సరిహద్దు పట్టణంలో ఈ పదాలను తెలుగు, కన్నడ, దక్కనీ మూడింటిలోనూ పక్కపక్కన సేకరించాలి. పదాలు కొన్ని వాటంతట అవే నిలిచాయి కూడా. దుకాణంలో యంత్రం ముందు నిలబడి నెమలిపచ్చ వన్నెను కలిపించుకొని డబ్బాలు బండికెత్తించుకొంటున్న గృహస్థును ఏం పని పెట్టుకొన్నావని అడిగితే, 'ఇంటికి సున్నాలు వేయిస్తున్న' అనే చెబుతాడు.